పులిగుట్ట ముకద్దం

లింబాద్రి రావు రాజు అయిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు ఒకే టీ రెండుసార్లు కాచాల్సి వచ్చింది. కప్పు ముందర పెట్టి "సార్, టీ" అన్నాను. ఆయన కప్పు వైపు చూడలేదు. కొత్తగా అచ్చయి వచ్చిన విజిటింగ్ కార్డుల డబ్బా తెరిచి, ఒకటి తీసి నా ముఖం ముందు ఆడించాడు.

"సదువొస్తది గదా, సదువు."

"రాజా లింబాద్రి రావు, పులిగుట్ట సంస్థానం," అని చదివాను.

"మరి సార్ అంటవేందే? తీస్కపో. మల్ల తీస్కరా. ఎట్ల పిలవాల్నో గట్ల పిలిచి పెట్టు."

తీసుకుపోయాను. చల్లారిన టీని మళ్ళీ మరిగించి తెచ్చి "రాజా సాబ్, చాయ్" అన్నాను. అప్పుడు తాగాడు. నా నోట్లో మాత్రం పొద్దుగూకేదాకా వేపాకు నమిలినట్టే ఉంది.

ఆ సంస్థానం ఏమిటంటే, ఒమాన్‌లోని బురైమి ఊళ్ళో టైల్స్, సిమెంటు అమ్మే ఒక దుకాణం, దాని వెనక ఒక గోడౌను, రెండు పికప్ బండ్లు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదు. నిజామాబాద్ దగ్గర పులిగుట్ట అనే ఊళ్ళో వాళ్ళ తాతలకు ఒకప్పుడు చిన్న కోట ఉండేదట. ఇప్పుడు అక్కడ గోడ ముక్కలు, నరసనాయుడనే ముత్తాత తన బిరుదులు చెక్కించుకున్న ఒక రాతి శాసనం మిగిలాయి. ఇంతకాలం ఆ ఊసే ఎత్తనివాడికి ఉన్నట్టుండి రాజరికం ఎందుకు పుట్టుకొచ్చిందంటే, అక్కడ పెదనాయిన కొడుకు తన పేరు ముందు రాజా అని రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒక గుట్టకు ఇద్దరు రాజులు. తెల్లారి లేస్తే ఫోన్లో తిట్లు.

నా పేరు జైనబీ. మాది కడప. ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా వంట, ఊడ్పు, ఉతుకు. ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే బతాకా కార్డులో నా వృత్తి ఇంటి పనిమనిషి. ఇక్కడ ఖద్దామా అంటారు. అది నిజమే కాబట్టి ఆ మాట మీద నాకు కోపం లేదు. కోపమల్లా, అది మాత్రమే నిజమన్నట్టు అందరూ నన్ను చూడటం మీద. మా నాయన మున్షీ ఖాదర్‌వలి. ఇనాం భూముల తగాదాలున్నవాళ్ళు నవాబుల నాటి ఫారసీ సనదులు, అంటే దానపత్రాలు, చదివించుకోవడానికి మా గుమ్మం ముందు చెప్పులు విప్పేవాళ్ళు. కొడుకులు లేరు, నేర్పకుండా ఉండలేడు, అందుకని ఆయన తన ఫారసీ అంతా నాకు నేర్పాడు. తరవాత పెళ్ళి, మా ఆయన పోవడం, ఏజెంటు, విమానం. గిన్నెలు తోమడానికి ఫారసీ అక్కర్లేదు కదా. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కార్డులు వచ్చిన నెలకు ఊరినుంచి ఒక పాతకాలపు ఉత్తరం వచ్చింది. పులిగుట్టలో వాళ్ళ మేనత్త పోతే, ఆమె పెట్టె అడుగున దొరికిందట. వాళ్ళింట్లో తరతరాలుగా దాన్ని గుర్రాల కాయితం అనేవాళ్ళు. ఒకప్పుడు ఈ ఒమాన్ తీరంలో ఖల్హాత్ అనే రేవు నుంచి గుర్రాలు ఓడల్లో మన దేశానికి పోయేవి. లింబాద్రి రావు ఆ కాగితానికి బంగారు రంగు ఫ్రేము కట్టించి హాల్లో సోఫా మీద వేలాడదీశాడు.

"సూడు ఆశా," అన్నాడు భార్యతో. "ఐదొందల ఏండ్ల ఫర్మానా. ఈ దేశం రాజులు మా తాతకు రాసిన్రు."

"ఏం రాసిన్రు?" అంది ఆశమ్మ.

"ఏం రాస్తరు? సలాం కొట్టి రాసుంటరు. పెదనాయిన కొడుకును ఇప్పుడు మాట్లాడమను!"

నేను సోఫా కింద తుడుస్తున్నాను. తలెత్తి చూశాను. నోరు మూసుకుని తుడుచుకుంటే పోయేది. కానీ మా నాయన కూతుర్ని కదా.

"రాజా సాబ్, తలకిందులుగా పెట్టినారు."

"ఏందీ?"

"కాగితం. కాళ్ళు పైన, తల కింద ఉండాది."

"నీకెట్ల తెల్సే?"

తల పక్కకు వంచి, నాకు అందిన వరస ఒకటి పైకి చదివాను. నలభై గుర్రాలు అనే మాట దాకా వచ్చి ఆపాను. ఆశమ్మ చేతిలో రిమోట్ కిందపడింది. లింబాద్రి రావు ముఖంలో మొదట కనబడింది ఆశ్చర్యం కాదు, లాభం. హైదరాబాద్‌లో ఎవరో పండితుడు ఈ పనికి బోలెడు ఫీజు అడిగాడట.

"అట్లయితే నువ్వే దించి సక్కగ పెట్టు. అర్థం మొత్తం తెలుగుల రాసియ్యి," అని దుకాణానికి పోయాడు.

మధ్యాహ్నం వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి ఫ్రేము విప్పాను. చాలా ఏళ్ళ తరవాత అలాంటి కాగితం చేతికొచ్చింది. కాగితం అందగానే చదవద్దు, ముందు చూడు అనేవాడు నాయన. మొహరు, అంటే రాసినవాడి ముద్ర, ఎక్కడుందో చూడు. పైవాడు కాగితం ముఖాన కొడతాడు, కిందివాడు వీపున కొడతాడు. సమానుడు కూడా మర్యాదకు వీపునే కొడతాడు. మొహరు చూస్తే ఎవడు ఎవడికంటే ఎంత ఎత్తులో కూర్చుని రాశాడో తెలిసిపోతుంది, ఆ తరవాతే అక్షరాలు.

మొహరు ముఖాన ఉంది. అందులోనూ పై భాగాన, నిండుగా.

"పులిగుట్ట ముకద్దం తెలుసుకోవలసినది," అని మొదలైంది ఉత్తరం. ముకద్దం అంటే ఊరిపెద్ద. పన్నులు వసూలు చేసి పైకి కట్టేవాడు. రాజు కాదు, రాజు బంధువు కూడా కాదు. రాసినవాడు హుర్ముజ్ రాజు తరఫున ఖల్హాత్ రేవును ఏలే అమీరు.

"నీ ఉత్తరం చేరింది. అందులో నీ పేరుకు ముందర పదకొండు బిరుదులున్నాయి. మా దఫ్తరులో నిన్ను ఎవరూ రాజని రాయలేదు. నువ్వడిగిన నలభై గుర్రాలు రేవులో సిద్ధంగా ఉన్నాయి. ముకద్దం అన్న పేరు మీద తీసుకోవడం నీకు ఇష్టమైతే ఈ ఉత్తరం లక్క విప్పు, మా మనిషి ఆ కబురు తెస్తాడు, ఓడ కదులుతుంది. ఇష్టం లేకపోతే విప్పకుండా తిప్పి పంపు. గుర్రాలు కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు." ఆ షరతు లోపల రాసి ఏం లాభం అనుకుంటారేమో. దూత ముందుగా నోటితో చెబుతాడు, లోపల ఉన్నది దానికి సాక్ష్యం. పేరు తగ్గించిన ఉత్తరాన్ని ఆ కాలంలో ఏ రాజూ విప్పడు. విప్పాడంటే ఆ పేరు ఒప్పుకున్నట్టే.

మడతల మీద లక్క విరిగిన ఎర్రటి మచ్చలున్నాయి.

కాగితం తిప్పాను. వెనక తెలుగు! అక్షరాలు పాతరకం, తలకట్లు వేరు, కాస్త ఓపిక పడితే ఎవరైనా చదవచ్చు. "గుఱ్ఱాలు నలభై బయలుదేరినవి. ఒకటి సముద్రాన చచ్చినది. ముప్పైతొమ్మిది ముట్టినవి. ఇది పులిగుట్ట ముకద్దం నరసనాయని వ్రాలు."

నవ్వాగలేదు నాకు. అక్కడ రాతి మీద శత్రురాజులకు మొగుణ్ణని చెక్కించుకున్నవాడు, ఇక్కడ తన చేత్తో ముకద్దం అని సంతకం పెట్టాడు. కానీ కాసేపటికి నవ్వు పోయింది. మూడు నెలలు ముట్టడి వేసినా పులిగుట్ట పడలేదని లింబాద్రి రావు తాగినప్పుడల్లా చెబుతాడు. ఎందుకు పడలేదో నాకు ఇప్పుడు తెలిసింది. నరసనాయుడు అవమానాన్ని మింగి గుర్రాలు తెచ్చుకున్నాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. అంతటివాడి వంశంలో ఇతగాడు ఎలా పుట్టాడో దేవుడికే తెలియాలి.

కాగితం సరిగ్గా తిప్పి ఫ్రేములో పెట్టేశాను. ముందువైపు అర్థం మొత్తం ఒక్క అక్షరం దాచకుండా నోటుపుస్తకం కాగితం మీద రాసి సాయంత్రం చేతికిచ్చాను. వెనకవైపు సంగతి చెప్పలేదు. అడగలేదు కాబట్టి.

చదివి ఆయన ముఖం కందగడ్డ అయింది.

"ముకద్దమా? మా తాతనా? ఎంత ధైర్యమే నీకు!"

"నేను కాదు, ఖల్హాత్ అమీరు అన్నాడు."

"వాడెవడు? వాని మొకం! నువ్వు సరిగ సదవలే. అంట్లు తోముకునేదానికి ఫారసీ ఏం తెల్సు?"

"పొద్దున తెలిసింది, సాయంత్రానికి తెలీకుండా పోయిందా?"

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి నా కాళ్ళ దగ్గర పడేశాడు. మళ్ళీ ఊడ్చాల్సింది నేనే.

అంతటితో పోయేదే. కానీ రెండో రోజు షినాస్ నుంచి అబ్దుల్ వహాబ్ వచ్చాడు. ఒమానీ, రిటైరైన బడిపంతులు, అందరూ ఉస్తాద్ అంటారు. షినాస్ సముద్రం ఒడ్డున తన పాత ఇంట్లోనే చిన్న మ్యూజియం పెట్టాడు. ఆయన తాతలు ఓడలు నడిపినవాళ్ళు. లింబాద్రి రావుకు కావలసింది ఆయన గోడ మీద చోటు: ఉత్తరం నకలు, దాని కింద "పులిగుట్ట రాజాకు ఒమాన్ తీరం నుంచి వచ్చిన లేఖ" అన్న పలక. ఇంట్లో వాడు ఎంత అరిచినా రాజు కాడు, పక్క దేశపువాడు ఒకడు అనాలి. పెదనాయిన కొడుక్కి పంపడానికి ఆ పలక ఫోటో చాలు.

ఉస్తాద్‌కు ఫారసీ రాదు. ఉర్దూ బాగా వచ్చు. ఎవరు చదివారని అడిగాడు. లింబాద్రి రావుకు గొప్ప చెప్పుకునే చోట ఆగడం తెలియదు.

"మా సంస్థానంల పనిమనిషి గూడ ఫారసీ సదువుతది," అన్నాడు.

నేను ఖావా, అంటే అరబ్బుల కాఫీ, పోస్తున్నాను. ఉస్తాద్ తన ఫోన్లో ఒక పాత కాగితం ఫోటో తీసి నా ముందు పెట్టాడు. అది ఒక నాఖుదా, అంటే ఓడ యజమాని, తన తమ్ముడికి రాసిన ఉత్తరం. ఖర్జూరాల బస్తాలు తడిశాయని, తల్లికి జ్వరం తగ్గిందా అని. ఖావా పాత్ర చేత్తో పట్టుకునే మొత్తం చదివి ఉర్దూలో చెప్పాను. ఉస్తాద్ కళ్ళు తడి అయ్యాయి.

"బీబీ, ఇలాంటివి నా దగ్గర రెండు పెట్టెలున్నాయి. చదివేవాళ్ళు లేరు. నువ్వు వస్తావా? జీతం ఇస్తాను, గది ఇస్తాను. చదివిన ప్రతి కాగితం కింద చదివినవారి పేరు రాస్తాను."

పేరు! మున్షీ ఖాదర్‌వలి కూతురు జైనబీ చదివినది. ఆ వాక్యం అప్పటికప్పుడు కళ్ళ ముందు కనబడింది. పదకొండేళ్ళలో నేను ఏడవలేదు, ఆ రోజు వంటింట్లోకి పోయి ఏడ్చాను.

కానీ ఇంటిపని వీసా మీద వచ్చిన మనిషి మారాలంటే కఫీల్ ఒప్పుకోవాలి. నా వీసాకు పూచీ పడ్డ కఫీల్ లింబాద్రి రావే. ఆయన సమ్మతి ఉత్తరం, ఫారసీ వచ్చునని ఒక్క వాక్యం తెమ్మన్నాడు ఉస్తాద్. పలక సంగతి శుక్రవారం అందరి ముందు ఉత్తరం చదివాక చూద్దామన్నాడు.

ఆ సాయంత్రమే లింబాద్రి రావు వంటింట్లోకి వచ్చాడు. ఆ గడపలో ఆయన కాలు పెట్టడం అదే మొదటిసారి.

"శుక్కురారం రాజా అని సదువు. కవర్ ఇస్త. నిన్ను పోనిస్తున్నట్టు, ఫారసీ సదువుతవన్నట్టు. సంతకం, కంపెనీ ముద్ర అన్నీ."

"లేనిది యాడినుంచి చదివేది?"

"నోట్లెకెల్లి. ఇంత నోరున్నది గదా."

"అబద్ధం చదివితే మా నాయన గోరీలో పక్కకు తిరిగి పండుకుంటాడు."

"పదకొండేండ్లు నా ఉప్పు తిన్నవే!"

"ఉప్పు వేసింది నేను. తిన్నది మీరు."

ఆయన బల్ల మీద చరిచాడు. గిన్నెలు గలగలలాడాయి. "అయితే సచ్చేదాక ఈడనే తోము. నేను సంతకం పెట్టకుంటే నువ్వు ఈ గేటు దాటవు. షినాస్ గాదు గదా, సందు చివర దుకాణానికి గూడ పోనియ్య. తెల్సుకో."

పోయాడు. ఆశమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమె చెడ్డది కాదు, అలసిపోయిన మనిషి.

"ఒక్క మాటనే గదా జైనబీ. ఆ కాలపోళ్ళు ఎవరున్నరు ఇప్పుడు? రాజా అంటే ఎవరి ప్రాణం పోతది? నువ్వన్న బయటపడు."

రెండు రోజులు ఆలోచించాను. ఉల్లిపాయలు తరుగుతూ, బాత్రూములు కడుగుతూ అదే ఆలోచన. కాగితం చదివేవాడు కాగితానికి నౌకరు, కాగితం తెచ్చినవాడికి కాదు అనేవాడు నాయన. నాయనకేం, ఆయన బతాకాలో ఖద్దామా అని లేదు. చివరికి నరసనాయుణ్ణి తెచ్చుకుని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన ఒక పేరు వదులుకుని ముప్పైతొమ్మిది గుర్రాలు తెచ్చుకున్నాడు. నేను ఒక పేరు ఇచ్చి రెండు పెట్టెలు తెచ్చుకుంటాను. తప్పేముంది? తప్పేమిటో అప్పుడు తట్టలేదు. ఆయన వదులుకున్నది తన పేరు. నేను ఇస్తున్నది నాది కానిది.

శుక్రవారం నమాజు అయ్యాక ముప్పై మంది వచ్చారు. దుకాణాలవాళ్ళు, కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు, కొందరు భార్యలతో. లింబాద్రి రావు షేర్వాణీ వేసి, ఎర్ర తలపాగా పెట్టాడు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె. శాసనంలోని పదకొండు బిరుదులూ బట్టీ పట్టి వరసగా చెప్పాడు. మధ్యలో ఒకటి మరిచిపోయి జేబులోంచి చీటీ తీశాడు. ఉస్తాద్ ముందు వరసలో చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు.

నన్ను పిలిచారు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫ్రేము పక్కన నిలబడ్డాను.

"పులిగుట్ట రాజా వారికి," అని చదివాను. ముందు తెలుగులో, తరవాత ఉర్దూలో. "మీ ఉత్తరం చేరింది. మీ స్నేహం మాకు సంతోషం. మీరడిగిన నలభై గుర్రాలు పంపుతున్నాం." అంతే. మిగతాది మింగేశాను. చప్పట్లు మోగాయి. లింబాద్రి రావు మీసం దువ్వాడు.

ఉస్తాద్ లేచి ఫ్రేము దగ్గరకు వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. అద్దం మీద, సరిగ్గా మొహరు ఉన్న చోట వేలు పెట్టాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"బీబీ, ఇంకోసారి చెప్పు. ఇది ఎవరికి రాశారు?"

"పులిగుట్ట రాజాకు."

"అచ్ఛా," అని వెళ్ళి కూర్చున్నాడు. బిర్యానీ కొంచెమే తిన్నాడు. పలక గురించి లింబాద్రి రావు అడిగితే ఇన్‌షా అల్లాహ్ అని లేచాడు.

అందరూ పోయాక లింబాద్రి రావు అంటించిన కవరు ఒకటి నా చేతిలో పెట్టాడు. "తీస్కో. రాజులు మాట తప్పరు."

ఆదివారం పొద్దున్నే షేర్ టాక్సీలో సొహార్, అక్కడి నుంచి షినాస్. నా దగ్గరున్న మంచి చీర కట్టుకున్నాను. నాయన కళ్ళజోడు డబ్బా కూడా సంచిలో పెట్టుకున్నాను. ఉస్తాద్ ఇంట్లో గోడలకు తెడ్లు, ఇత్తడి దిక్సూచి, ఓడల ఫోటోలు. మూలన రెండు టేకు పెట్టెలు. ఆయన తానే ఖావా పోసి ఇచ్చాడు. నేను కవరు ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"నాకు ఫారసీ రాదు బీబీ. మొహరు చదవడం వచ్చు. మా ఓడల మీద అక్షరం ముక్క రాని సరంగుకు కూడా మొహరు చూస్తే తెలిసేది, కాగితం పెద్దవాడి నుంచి చిన్నవాడికి పోతోందో, చిన్నవాడి నుంచి పెద్దవాడికి పోతోందో. ముఖం మీద, పైన. ఏ రాజుకూ ఎవడూ అలా కొట్టడు."

నేను కప్పు కింద పెట్టాను.

"రెండోసారి ఎందుకు అడిగాననుకున్నావు?"

అప్పుడు అంతా చెప్పాను. ముకద్దం, పదకొండు బిరుదులు, లక్క, వంటింట్లో బేరం. చెప్పి ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు!

"ఇప్పుడు నిజం చెబుతున్నావు, నమ్ముతున్నాను," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. "కానీ ఆ పెట్టెల్లో మా అన్నదమ్ముల ముప్పై ఏళ్ళ తగాదా ఉంది. ఎవరి తాత నాఖుదా, ఎవరి తాత ఆయన కింద కూలివాడు అని. అవి చదివే మనిషి ఏం చెబితే మాకు అదే తీర్పు. రేపు మా తమ్ముడు నీకు ఇంకో కవరు ఇస్తే?"

"ఇయ్యనీయండి, తీసుకోను!"

"తీసుకున్నదానివి కదా."

వేలితో కవరును నా వైపు జరిపాడు. "దీన్ని నేను విప్పను. తీసుకుపో."

పేరు నచ్చని ఉత్తరాన్ని విప్పకుండా తిప్పి పంపుతారు. ఆ సంగతి ఈ దేశంలో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

బురైమికి తిరిగొచ్చే టాక్సీలో, రెండు పక్కలా బోడి కొండలు పోతుంటే, కవరు నేనే చింపాను. టైపింగ్ సెంటర్లో అరబ్బీలో కొట్టించాడు. "ఈ లేఖ తెచ్చిన జైనబీ పులిగుట్ట సంస్థానపు ఆస్థాన మున్షీ. ఫారసీలో గొప్ప విద్వాంసురాలు. ఈమెను పంపడానికి మాకు సమ్మతమే. రాజా లింబాద్రి రావు." నేను రాజును చేసినవాడు నన్ను మున్షీని చేశాడు! వాడి రాజరికం ఎంత నిజమో నా మున్షీగిరీ అంత నిజం. పెద్దగా నవ్వాను. డ్రైవరు అద్దంలోంచి భయంగా చూశాడు. నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియలేదు. నాయన నాకు ఏ బిరుదూ ఇవ్వలేదు, చదవడం ఒక్కటే ఇచ్చాడు. దాన్నే అమ్ముకున్నాను.

గేటు దగ్గరే లింబాద్రి రావు ఎదురొచ్చాడు. "పలక ఎప్పుడు పెడ్తడట?"

"పెట్టడట."

"ఎందుకు?"

"రాజుల సంగతి రాజులకే తెలియాల. నన్నడిగితే ఏం తెలుసు?" అని లోపలికి పోయాను.

పలక లేకపోయినా ఆయన తగ్గలేదు. పెదనాయిన కొడుకు దుబాయ్ వచ్చాడని తెలిసి, ఆ శుక్రవారం బురైమికి పిలిచాడు. ఇరవై మందిని కూడా పిలిచాడు, వాళ్ళందరి ముందు ఫర్మానా చూపించి దాయాది నోరు మూయించాలని. "ఆనాటి లెక్కనే సదువు," అన్నాడు నాతో. "ఈసారి కవర్ ఏమీ లేదు. అదివరకే ఇచ్చిన."

శుక్రవారం పొద్దున అందరూ స్నానాలకు పోయినప్పుడు ఫ్రేము దించి, వెనక అట్ట విప్పి, కాగితాన్ని తిప్పాను. తెలుగు వైపు ముందుకు. అద్దం శుభ్రంగా తుడిచి మళ్ళీ వేలాడదీశాను. తలకిందులుగా కాదు, చక్కగా, పైది పైకే.

పెదనాయిన కొడుకు వచ్చాడు. ఆయనకూ అంతే మీసం, అంతే పొట్ట, అదే ముక్కు. లింబాద్రి రావు గోడవైపు చూడకుండానే చెయ్యి చాపాడు, రోజూ చూసే గోడే కదా అన్నట్టు. "గదిగో అన్నా. ఈ దేశం రాజులు మా తాతను ఏమని పిలిచిన్రో సూడు. జైనబీ, సదువు."

నేను టీ ట్రే పట్టుకుని నిలబడ్డాను. కదల్లేదు.

పెదనాయిన కొడుకు ఫ్రేము దగ్గరకు పోయి, కళ్ళు చిట్లించి, నాకోసం ఆగకుండా తనే పైకి చదవడం మొదలుపెట్టాడు. "ముప్పై... తొమ్మిది ముట్టినవి. ఇది పులిగుట్ట..." ఆగాడు. మళ్ళీ చూశాడు. "ముకద్దం నరసనాయని వ్రాలు. ముకద్దం ఏందిరా లింబాద్రీ? నరసనాయుడంటే శాసనంల ఉన్న మన తాతనే గదా?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ఆ నవ్వును దగ్గుగా మార్చారు. తన పేరు ముందరి రాజా కూడా అదే తాత నుంచి వచ్చిందని పెదనాయిన కొడుక్కి అప్పుడు తట్టినట్టుంది, ముఖం నల్లబడి సోఫాలో కూలబడ్డాడు.

లింబాద్రి రావు గోడ వైపు తిరిగాడు. చూసి నా వైపు తిరిగాడు.

"జైనబీ! ఏం జేసినవే? ఏం రాసున్నదది?"

"నన్నెందుకు అడుగుతారు? తెలుగే గదా. మీరే చదవండి."

చదివాడు. పెదాలు కదలకుండా, ఒక్కో అక్షరం. రెండుసార్లు చదివాడు. ఇంట్లోంచి నన్ను గెంటేస్తాడని ఎదురుచూశాను. ఇరవై మంది చూస్తున్నారు. మెల్లగా తన కుర్చీలో కూర్చున్నాడు.

నేను దగ్గరకు పోయి కప్పు ముందర పెట్టాను.

"సార్, టీ."

కప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు, తీసుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి, పొద్దుటి గిన్నెలు మిగిలుంటే తోముకున్నాను.